జీతం కాగితంలో మన ఊరి మాటలు

నెలాఖరున జీతం స్లిప్పు చేతికొస్తుంది. కుడివైపు అరబ్బీ, ఎడమవైపు ఇంగ్లీషు. మనలో చాలామందికి ఈ రెండూ అంతంత మాత్రమే. ఆఫీసులో వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కేస్తాం. 'మనకు రాని భాష, మనమేం చదువుతాంలే' అనుకుంటాం.

కానీ ఇప్పుడే 'నెలాఖరు' అన్నాం కదా! అందులో 'నెల' మనది. 'ఆఖరు' మాత్రం అరబ్బీ. ఇక్కడివాళ్లు 'ఆఖిర్' అంటారు, చివర అని అర్థం. అంటే జీతం స్లిప్పు తెరవకముందే, మనకు తెలియకుండానే ఒక అరబ్బీ మాట పలికేశాం.

ఇలాంటివి ఒకటీ రెండూ కావు. బాకీ, వసూలు, జమ, హక్కు, హాజరు, షరతు, అసలు, నకలు, రద్దు, జప్తు, జామీను, కిరాయి... మన ఊళ్లో చదువు రాని ముసలమ్మ కూడా పలికే ఈ మాటలన్నీ అరబ్బీ నేల మీద పుట్టినవే. గమనించారా? వీటిలో ఎక్కువ భాగం డబ్బుకో, పనికో, న్యాయానికో సంబంధించినవి. మన సంతకం పడే కాగితాల్లో ఉండేవి కూడా ఇవే. అందుకే ఈ వారం ఆ మాటల పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. కాలక్షేపానికి కాలక్షేపం, పనికి పని.

ఇసుక దిబ్బ మీద కాపురం

ముందు మనం ఉండే చోటు పేరుతోనే మొదలుపెడదాం. అల్ ఖూజ్‌లో 'అల్' అనేది అరబ్బీలో పేరు ముందు వచ్చే చిన్న మాట, అంతే. 'ఖూజ్' అంటే ఎత్తుగా గుట్టలా పేరుకున్న ఇసుక దిబ్బ. ఇవాళ ఇక్కడ గోదాములు, వర్క్‌షాపులు, సిమెంటు ఫ్యాక్టరీ, వరసగా లేబర్ క్యాంపులు కనిపిస్తాయి. పేరు మాత్రం ఇవేవీ లేని రోజులది. మన దగ్గర చెరువు పూడ్చి ఇళ్లు కట్టాక కూడా దాన్ని ఫలానా కుంట అనే పిలుస్తాం కదా, ఇదీ అంతే. దిబ్బ పోయినా పేరు ఉండిపోయింది.

ఈ మాటలు మన ఊరికి ఎలా వచ్చాయి?

అరబ్బీ మాటలు చాలావరకు నేరుగా అరబ్బుల నోటి నుంచి తెలుగులోకి రాలేదు. మధ్యలో పారశీకం ఉంది. గోల్కొండను 1518 నుంచి 1687 వరకు కుతుబ్ షాహీలు ఏలారు. వాళ్ల దర్బారు భాష పారశీకం. ఆ పారశీకం అప్పటికే అరబ్బీ మాటలతో నిండి ఉంది. కుతుబ్ షాహీలు చాలా ఫర్మానాలను పారశీకంలోనూ తెలుగులోనూ పక్కపక్కనే రాయించారు. అలా సర్కారు మాట ఊరి కరణం కలం దాకా, కరణం కలం నుంచి రైతు నోటి దాకా దిగింది. ఆ తర్వాత వచ్చిన అసఫ్ జాహీలు, అంటే మన నిజాములు, 1948 దాకా హైదరాబాద్‌ను పాలించారు. వాళ్ల కచేరీల్లో 1880ల దాకా పారశీకం, ఆ పైన ఉర్దూ నడిచాయి.

అందుకే ఈ మాటల్లో ఎక్కువ భాగం కచేరీ మాటలు. 'జిల్లా' అరబ్బీ, 'తాలూకా' అరబ్బీ. 'తహసీలు' అంటే వసూలు చేయడం, ఆ పని చేసేవాడు తహసీల్దారు. చివరికి మన 'రైతు' కూడా అరబ్బీ 'రఇయ్యత్' నుంచి వచ్చినవాడే. మొదట ఆ మాటకు కాపరి చూసుకునే మంద అని, తర్వాత రాజు కింద ఉండే ప్రజ అని అర్థాలు. వానాకాలం పంటను ఖరీఫ్ అంటాం, యాసంగిని రబీ అంటాం. అరబ్బీలో 'ఖరీఫ్' అంటే శరదృతువు, 'రబీ' అంటే వసంతం. పక్క దేశం ఒమాన్‌లోని సలాలాలో వానలు పడే కాలాన్ని ఇప్పటికీ ఖరీఫ్ అనే పిలుస్తారు.

ఇది తెలంగాణ మాటల సంగతే అనుకోకండి. కడప, మచిలీపట్నం, రాజమండ్రిలో పనిచేసిన బ్రౌను దొర 1852లో పెద్ద తెలుగు నిఘంటువు వెలువరించాడు. అది చాలక, తెలుగులో కలిసిపోయిన ఇలాంటి పరభాషా మాటల కోసమే 1854లో మిశ్రభాషా నిఘంటువు అని మరో పుస్తకం తెచ్చాడు. కచేరీలో కూర్చున్న ఇంగ్లీషు అధికారికి అర్జీ అర్థం కావాలంటే ఈ మాటలు తెలియక తప్పేది కాదు.

నోరు తిరగని అక్షరం

మరి ఇన్ని మాటలు మనవే అయితే, అరబ్బులు మాట్లాడుతుంటే ఒక్కటీ పట్టుకోలేమెందుకు? దానికి కారణం ఉంది. అరబ్బీలో 'దాద్' అని ఒక బరువైన అక్షరం ఉంది. వేరే భాషల్లో అలాంటిది దొరకదని అరబ్బులు తమ భాషను 'దాద్ భాష' అని గర్వంగా చెప్పుకుంటారు. ఇక్కడివాళ్ల నోట అది బండ 'ద'లా వినిపిస్తుంది. పారశీకం వాళ్లకు ఆ అక్షరం పలకలేదు, 'జ'లాంటి శబ్దం చేసుకున్నారు. మనం ఆ 'జ'నే అందుకున్నాం.

ఈ ఒక్క కిటుకు తెలిస్తే చాలు, బోలెడు తాళాలు తెరుచుకుంటాయి. వాళ్ల 'రమదాన్' మన రంజాన్. వాళ్ల 'ఖాదీ' మన ఖాజీ. పని చెప్పగానే ఇక్కడివాళ్లు 'హాదిర్' అంటారు, 'చిత్తం, సిద్ధంగా ఉన్నా' అన్నట్టు. అదే మన 'హాజరు'. పొద్దున బస్సు దగ్గర ఫోర్‌మన్ తీసుకునేది అదే. పూచీ పడేవాణ్ని 'దామిన్' అంటారు, అది మనకు 'జామీను' అయింది. ఇన్సూరెన్సు కార్డుల మీద కనిపించే 'దమాన్' దాని తోబుట్టువే, భరోసా అని అర్థం. 'దబ్త్' మనకు 'జప్తు' అయింది. ఇక 'జిల్లా' సంగతి మరీ విచిత్రం. దాని మూలమైన 'దిల్అ' అనే మాటకు అరబ్బీలో పక్కటెముక అని అర్థం! పక్కటెముక నుంచి పక్క, పక్క నుంచి ప్రాంతం, ప్రాంతం నుంచి కలెక్టరు కూర్చునే జిల్లా అయింది.

ఇంకో చిన్న కిటుకు. అరబ్బీ మాటలు చాలావరకు మూడు అక్షరాల వేరు నుంచి మొలుస్తాయి. వేరు ఒకటే, కొమ్మలు వేరువేరు. 'జ-మ-అ' అనే వేరుకు పోగుచేయడం అని అర్థం. డబ్బు పోగైతే 'జమ'. జనం పోగై నమాజు చేసే శుక్రవారం 'జుమా'. అందరూ చేరే పెద్ద మసీదు 'జామియా'. బ్యాంకు పుస్తకంలో జమ, వారంలో జుమా ఒక తల్లి బిడ్డలే.

ఎయిర్‌పోర్టులో 'వసూలు' బోర్డు

దుబాయ్ ఎయిర్‌పోర్టులో దిగిన ప్రతివాడూ చూసిన బోర్డు ఒకటుంది. ఇంగ్లీషులో అరైవల్స్ అని ఉంటుంది, పక్కన అరబ్బీలో 'వుసూల్' అని ఉంటుంది. అదే మన వసూలు! అరబ్బీలో దాని అర్థం చేరుకోవడం. మనిషి చేరితే వుసూల్. రావలసిన డబ్బు చేతికి చేరితే వసూలు. ఏజెంటుకు కట్టిన డబ్బు తలుచుకుంటూ ఆ బోర్డు కింద నుంచి నడిచిన మనకు అప్పుడీ సంగతి తెలిస్తే నవ్వొచ్చేదో, ఏడుపొచ్చేదో!

'రసీదు' అరబ్బీ కాదు, పారశీకం. కానీ చిత్రంగా దాని అర్థమూ అదే: 'చేరింది' అని. డబ్బు చేరిందని ఒప్పుకునే కాగితం రసీదు. అరబ్బీలో రసీదును 'ఈసాల్' అంటారు. అది మళ్లీ వుసూల్ వేరు నుంచే మొలిచింది. మూడు చోట్లా ఒకటే తర్కం: చేరిందని కాగితం మీద లేకపోతే చేరనట్టే. ఊళ్లో వీసా కోసం చేతికి చేతిగా డబ్బిచ్చి రసీదు అడగని వాళ్లకు ఈ తర్కం చాలా ఖరీదుకు అర్థమవుతుంది.

దుకాణంలో యాభై దిర్హామ్‌ల నోటిచ్చి సామాను కొంటే తిరిగొచ్చే చిల్లరను ఇక్కడ 'బాఖీ' అంటారు. మిగిలింది అని అర్థం. మనకు అది 'బాకీ' అయింది, ఇవ్వవలసి మిగిలింది అని. మాట ఒకటే. ఇక్కడ బాఖీ చేతికొస్తే సంతోషం, ఊళ్లో బాకీ గుర్తొస్తే నిద్ర పట్టదు. 'దుకాణం' అన్న మాట కూడా ఇక్కడి 'దుక్కానే'.

కూలివాడూ ఆమిలే, అధికారీ ఆమిలే

లేబర్ కార్డు మీద, వీసా మీద వృత్తి అన్న చోట చాలామందికి అరబ్బీలో 'ఆమిల్' అని ఉంటుంది. పనివాడు అని అర్థం. దాని వేరు 'అమల్', అంటే పని. తెలుగులో ఇది రోజూ వింటాం. 'చట్టం అమలు చేస్తాం', 'పథకం అమల్లోకి వచ్చింది' అని. పని జరగడమే అమలు.

పాతకాలంలో మన దగ్గర పన్నులు వసూలు చేసే అధికారిని అమలుదారు అనేవాళ్లు. కొన్ని రాజ్యాల్లో ఆ అధికారి హోదాయే 'ఆమిల్'. అదే మాట అక్కడ గుర్రమెక్కి ఊరేగింది, ఇక్కడ హెల్మెట్ పెట్టుకుని పరంజా ఎక్కుతోంది. మాటకు లేని చిన్నతనం పనికి మాత్రం ఎందుకుండాలి?

ఇదే వేరుకు ఇంకో కొమ్మ 'మామూల్', అంటే చేసినది. మన దగ్గర అది ముందు 'అలవాటుగా జరిగేది' అయింది. 'మామూలే కదా' అంటాం. అలవాటుగా ఇచ్చే డబ్బు కూడా మామూలే అయింది. చివరికి టేబుల్ కింద ఇచ్చేదానికి ఆ పేరు స్థిరపడింది. ఇక్కడ ఈద్ రోజుల్లో సూపర్ మార్కెట్‌లో 'మామూల్' డబ్బాలు కొలువు తీరతాయి. భయపడకండి, అది ఖర్జూరం కూరిన తియ్యటి బిస్కెట్టు. అదీ ఈ వేరు నుంచి వచ్చిందే.

'ఖల్లీవల్లీ' సంగతి సరేసరి. పోనీ వదిలెయ్ అనే అర్థంలో క్యాంపులో అన్ని దేశాలవాళ్లూ అనే మాట. కంపెనీ వదిలి బయట పనిచేసుకునేవాళ్లను తెలంగాణ పల్లెల్లో కూడా కల్లివెల్లి అంటున్నారు. ఈ 'ఖల్లీ', మన 'ఖాళీ' ఒకే వేరువి. గది ఖాళీ చేయడం, సంగతి వదిలేయడం రెండూ ఒకటేనన్నమాట.

మాట ఒకటే, మోసపోకండి

ఇక్కడొక హెచ్చరిక చెప్పాలి. మాట తెలిసినదే కదా అని అర్థం కూడా తెలిసినట్టే అనుకోకూడదు. 'నకలు' అంటే మనకు కాపీ. అరబ్బీ 'నఖ్ల్'కు అసలు అర్థం ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయడం. ఒక కాగితంలోని రాతను ఇంకో కాగితం మీదికి మోస్తే మన నకలు. లారీ మీద 'నఖ్లియాత్' అని ఉంటే సామాన్ల రవాణా. 'నఖ్ల్ కఫాలా' అంటే స్పాన్సర్ మారడం, ఒక కఫీల్ నుంచి ఇంకో కఫీల్‌కు మన బాధ్యత మోయడం. దాన్ని ఏదో నకలు కాగితం అనుకుని సంతకం పెడితే కొంప మునుగుతుంది.

'అసలు'కు అరబ్బీలో వేరు అని అర్థం. అసలు కాగితం, నకలు కాగితం. అప్పులో అసలు, వడ్డీ. అప్పు చేసి వచ్చినవాడికి ఈ రెండో అర్థం ఎవరూ నేర్పనక్కర్లేదు.

'అర్జీ' కూడా ఇలాంటిదే. మనకది విన్నపం. అరబ్బీ 'అర్ద్' అంటే ముందు పెట్టడం, చూపించడం. ఉద్యోగం ఇస్తామని కంపెనీ మన ముందు పెట్టే ఆఫర్ లెటరును అరబ్బీలో 'అర్ద్ అమల్' అంటారు. అర్జీ, అమలు, రెండూ మన మాటలే. కానీ ఇక్కడ అర్జీ పెట్టేది మనం కాదు, కంపెనీ! ఈ ఆఫర్ లెటరు పద్ధతి 2016 జనవరి 1న ఇక్కడ అమల్లోకి వచ్చింది. కార్మికుడికి అర్థమయ్యే భాషలో చూపించాలని అప్పుడు అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం వంటి భాషల్లోనూ ఫారాలు సిద్ధం చేశారు. ఆ మొదటి జాబితాలో తెలుగు లేదు. హిందీ, ఉర్దూ చదవగలిగిన వాళ్లు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి ఆ భాషలో అడిగి చదువుకోవచ్చు. అందులో 'షర్త్' అని కనిపిస్తే షరతు. 'ముద్దత్' అంటే గడువు, మన ముద్దతే. 'తారీఖ్' అంటే తారీఖే.

ఈ గడ్డ మీద రూపాయి చెల్లిన రోజులు

మాటలే కాదు, డబ్బు కూడా రెండు వైపులా తిరిగింది. 'దిర్హామ్' పుట్టుకతో అరబ్బీ కాదు. గ్రీకుల 'ద్రాఖ్మా' పారశీకం మీదుగా ఇటొచ్చి దిర్హామ్ అయింది. పక్క దేశాల 'దీనార్' రోమన్ల 'దెనారియస్'. 'ఫిల్స్' కూడా రోమన్ నాణెం 'ఫొల్లిస్' నుంచి వచ్చిందే. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఆ రోమన్ వెండి నాణేలు రాశిగా దొరికాయి. రెండు వేల ఏళ్ల కిందటే మన సరుకు సముద్రం దాటిందనడానికి అవే సాక్ష్యం. శ్రీనాథ కవికి విజయనగర ప్రభువు కనకాభిషేకం చేయించింది దీనార టంకాలతోనని చెప్పుకుంటాం. కువైట్‌లో మనవాళ్లు అందుకునే దీనారుకు తెలుగులో అంత పాత పరిచయం ఉంది.

అసలు విశేషం రూపాయిది. 1966 దాకా దుబాయ్ బజారులో చెల్లిన డబ్బు రూపాయే! దుబాయ్‌లో మొదటి పోస్టాఫీసు 1909లో తెరిచారు. అది కూడా ఇండియా తపాలా శాఖదే, అంటించిన బిళ్లలు ఇండియావే. ఇక్కడి వర్తకులు రూపాయలతోనే బంగారం కొనడం, ఆ బంగారం దొంగతనంగా ఇండియాకు చేరడం, ఆ రూపాయలు మళ్లీ రిజర్వు బ్యాంకు దగ్గరికొచ్చి విదేశీ మారకం అడగడం ఎక్కువైంది. దాన్ని ఆపడానికి భారత ప్రభుత్వం 1959లో గల్ఫ్ దేశాల కోసమే వేరే రంగుల్లో ప్రత్యేక నోట్లు అచ్చేసింది. వాటినే గల్ఫ్ రూపాయలు అంటారు.

1966 జూన్ 6న ఇండియా రూపాయి విలువ తగ్గించింది. డాలరుకు 4.76 రూపాయలు ఉన్నది ఒక్కసారిగా 7.50 అయింది. ఇక్కడివాళ్ల చేతిలో ఉన్న డబ్బు రాత్రికి రాత్రే చిక్కిపోయింది. దాంతో రూపాయికి సలాం చెప్పారు. దుబాయ్ ఆ ఏడాదే ఖతర్‌తో కలిసి రియాల్ తెచ్చుకుంది, అబుధాబి బహ్రెయిన్ దీనారుకు మారింది. 1971 డిసెంబరు 2న యూఏఈ ఏర్పడ్డాక, 1973 మే 19న దిర్హామ్ వచ్చింది. 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హామ్‌ల లెక్క కదలకుండా ఉంది. అందుకే మనం ఎక్స్‌చేంజి ముందు నిలబడి 'రేటు పెరిగిందా' అని అడిగినప్పుడు దిర్హామ్ కదిలిందని కాదు, రూపాయి జారిందని అర్థం. మనకు నాలుగు రూపాయలు ఎక్కువొచ్చినప్పుడు ఊళ్లో నూనె, పెట్రోలు ధరలూ పెరగడానికి అదీ ఒక కారణం.

పాతతరం ఎమిరాతీలు దిర్హామ్‌ను ఇప్పటికీ అలవాటుగా 'రుబ్బియా' అంటుంటారు. ఫ్యానును 'బంకా' అంటారు, అది మన పంకా. తిన్నగా పోవడాన్ని 'సీదా' అంటారు. అంటే మనమే వాళ్ల మాటలు పుచ్చుకోలేదు, వాళ్లూ మన వైపు మాటలు పుచ్చుకున్నారు.

వలస ఎదురుగా నడిచిన కాలం

డబ్బు కోసం మనం ఇటు రావడమే చూస్తున్నాం. ఒకప్పుడు అరబ్బులు డబ్బు కోసం మన వైపు వచ్చారు. హైదరాబాద్ పాతబస్తీ దాటాక బార్కస్ ఉంది కదా! ఆ పేరు 'బ్యారక్స్' నుంచి వచ్చింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరిన అరబ్బు సిపాయిల వారసులు అక్కడ ఉంటారు. ఇల్లూ వాకిలీ వదిలి, సముద్రం దాటి, పరాయి దొర కింద నెల జీతానికి పనిచేసి ఇంటికి డబ్బు పంపారు. అచ్చం మనలాగే. వాళ్లలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ నిజాం దగ్గర జమేదారుగా సంపాదించిన సొమ్ముతోనే 19వ శతాబ్దంలో అతని వంశం హద్రమౌత్‌లో ఏకంగా ఒక రాజ్యం స్థాపించింది. ఆ రాజ్యం 1967 దాకా నిలిచింది. హైదరాబాద్ జీతం అక్కడ కోటలు కట్టింది. దుబాయ్ జీతం ఇవాళ జగిత్యాలలో, రాయచోటిలో, రాజోలులో స్లాబు ఇళ్లు కడుతోంది.

మన వైపు నుంచి బయటికి పోయిన మాట కూడా ఒకటుంది: 'కూలి'. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ పనికిచ్చే ప్రతిఫలమే కూలి. ఇంగ్లీషులో స్థిరపడిన 'కూలీ' అనే మాట దీని నుంచే వచ్చిందని చాలామంది అంటారు. గుజరాత్‌లోని కోలీల పేరు నుంచి అని మరో వాదన. ఏదైతేనేం, 1834 తర్వాత మారిషస్‌కు, ఆ తర్వాత నటాల్‌కు, ఫిజీకి ఓడలెక్కిన మనవాళ్లను ప్రపంచం ఆ పేరుతోనే పిలిచింది. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి రంగూన్ వెళ్లినవాళ్లను బర్మాలో 'కొరింగీలు' అన్నారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. మన భాషలో కూలి అంటే చేతికి వచ్చే డబ్బు. పరాయి నోట పడ్డాక అది మనిషికే పేరైపోయింది. పనికి తగిన డబ్బును గుర్తు పెట్టుకోకుండా మనిషిని మాత్రం గుర్తు పెట్టుకున్నారన్నమాట.

నిజామాబాద్, హిమాయత్ సాగర్, ఇజారా

ఇక అసలు కాగితానికి వద్దాం. 2009లో యూఏఈ జీతాల విషయంలో కొత్త పద్ధతి తెచ్చింది. జీతం చేతికివ్వడం కాదు, బ్యాంకు ద్వారానో ఎక్స్‌చేంజి ద్వారానో వేయాలి. ఎంత వేశారో, ఎప్పుడు వేశారో ప్రభుత్వానికి కనిపిస్తుంది. అందరం డబ్ల్యూపీఎస్ అంటాం. దాని అరబ్బీ పేరు 'నిజామ్ హిమాయత్ అల్ ఉజూర్'. జీతాల రక్షణ పద్ధతి అని అర్థం.

ఒక్కో మాటా చూడండి. 'నిజామ్' అంటే పద్ధతి, ఏర్పాటు. రాజ్యాన్ని పద్ధతిలో పెట్టేవాడు నిజాం ఉల్ ముల్క్. ఆ బిరుదు మీదనే పాత ఇందూరు నిజామాబాద్ అయింది. 'హిమాయత్' అంటే రక్షణ. హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్, హిమాయత్ సాగర్ ఉన్నాయి కదా, ఏడో నిజాం పెద్ద కొడుకు పేరులోని హిమాయత్ అదే. ఇక్కడ వకీలును 'ముహామీ' అంటారు, అదీ ఆ వేరుదే. 'ఉజూర్' అంటే కూలి డబ్బులు. భూమిని డబ్బుకు కౌలుకిచ్చే మన 'ఇజారా', ఇక్కడ గదుల మీద అద్దెకు అని రాసే 'లిల్ ఈజార్', జీతాల 'ఉజూర్', మూడూ అన్నదమ్ములే.

నిజామాబాద్, హిమాయత్ సాగర్, ఇజారా. మన జీతాన్ని కాపాడే చట్టం పేరు మొత్తం మన ఊరి మాటలే. ఇక ఆ పేరు మనకు రాదని ఎలా అనగలం?

హక్కు అంటే నిజం

చివరి మాట అన్నిటికన్నా పెద్దది. 'హక్కు'కు అరబ్బీ మూలం 'హఖ్'. దానికి రెండు అర్థాలు. ఒకటి న్యాయంగా చెందవలసింది, రెండోది సత్యం. ఇక్కడివాళ్లు మామూలు మాటల్లో కూడా 'నాది' అనడానికి 'హగ్గీ' అంటారు. నిజం, నాది, హక్కు, మూడూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. దీని బహువచనం 'హుఖూఖ్'. రావలసిన బకాయిలను 'ముస్తహఖ్ఖాత్' అంటారు.

ఉద్యోగం ముగించి వీసా క్యాన్సిల్ చేసుకునేటప్పుడు మన ముందుకొచ్చే కాగితంలో ఈ మాటలే ఉంటాయి. 'నా హుఖూఖ్ అన్నీ అందాయి' అని దాని సారాంశం. ఆ సంతకం పెడితే డబ్బు వచ్చినా రాకున్నా వచ్చినట్టే లెక్క. తర్వాత అడగబోతే ఆ సంతకమే మనకు ఎదురు నిలుస్తుంది. టికెట్టు చేతిలో పెట్టి, బండి బయట నిలబెట్టి, తొందరలో సంతకం పెట్టించుకున్న కథలు క్యాంపుల్లో కొత్తవి కావు. కాబట్టి ఆ కాగితంలో 'హఖ్' అనే మాట వినబడిందా, ఆగండి. లెక్క చూసుకోండి.

లెక్క ఏమిటంటారా? 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం ఒక ఏడాది నిండిన పూర్తికాలపు ఉద్యోగికి సర్వీసు డబ్బు రావాలి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆపైన ఏడాదికి 30 రోజులది. కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లోగా రావలసినవన్నీ ఇచ్చేయాలి. ఉద్యోగంలో పెట్టుకున్నందుకు అయిన ఖర్చులు కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు. సంతకం పెట్టిన ప్రతి కాగితానికీ ఒక నకలు అడిగి తీసుకోండి. మీరు డబ్బు ఎవరికిచ్చినా రసీదు అడగండి. అర్థం కాకపోతే గదిలో హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు చదవగలిగిన వాళ్లకు చూపించండి. అడగడం నామోషీ కాదు.

ఇన్ని అరబ్బీ మాటలు చెప్పుకున్నాం కానీ, 'జీతం' మాత్రం అరబ్బీ కాదు. అది సంస్కృతంలోని 'జీవితం' అరిగి తెలుగులో జీతం అయింది. నెలాఖరున కాగితం మీద కనిపించే అంకె నెల రోజుల జీవితానికి కట్టిన లెక్క. ఆ లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకునేటంత మాటల సంపద మన తాతలు మనకు ముందే ఇచ్చి పోయారు. వచ్చే నెల స్లిప్పు చేతికొచ్చినప్పుడు కుడివైపు కూడా ఒకసారి చూడండి.